మ్యూనిక్ నుంచి రైల్లో బుర్గ్‌హౌజెన్: మొదటిసారి వెళ్లేవాళ్లకి

మ్యూనిక్ నుంచి ఒక్క రోజులో చూసి రాగలిగే కోట ఊరు ఏదంటే అందరూ ముందు చెప్పేది నోయ్‌ష్వాన్‌స్టైన్ కోట పక్కనున్న ఫ్యూసెన్. అది కూడా చూడాల్సిందే, కాదనను. కానీ అక్కడ టికెట్ మీద రాసిన టైముకి కోట గేటు దగ్గర ఉండి తీరాలి, రైలు లేటైనా బస్సు దొరక్కపోయినా రోజంతా అదే టెన్షన్. మొదటిసారి వెళ్తున్నవాళ్లకి, ముఖ్యంగా ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లకి, నేను బుర్గ్‌హౌజెన్ చెప్తాను. ఆస్ట్రియా సరిహద్దులో జాల్‌జాఖ్ నది ఒడ్డున చిన్న ఊరు. ఊరి నెత్తిన సన్నటి కొండగట్టు, ఆ గట్టు పొడవునా కోట. దాని పొడవు 1,051 మీటర్లు, ప్రపంచంలోకెల్లా పొడవైన కోటగా గిన్నిస్ రికార్డు దీనిదే. ప్రాంగణాల్లో నడవడానికి టికెట్ లేదు, టైమ్ స్లాట్ లేదు. లోపలున్న మ్యూజియంలకి మాత్రమే టికెట్ కొనాలి.

ప్లాన్ చేసేటప్పుడు ముందు చూసుకోవాల్సింది వెళ్లే రైలు కాదు, తిరిగొచ్చే రైలు. మ్యూనిక్ నుంచి మ్యూల్‌డార్ఫ్ వరకు ఒక రైలు, అక్కడ దిగి బుర్గ్‌హౌజెన్ వెళ్లే చిన్న బండి ఎక్కాలి. మొత్తం దాదాపు రెండు గంటల ప్రయాణం. ఈ రైళ్లు సాధారణంగా గంటకొకటి ఉంటాయి కాబట్టి ఒకటి తప్పితే గంట పోయినట్టే, రాత్రయ్యే కొద్దీ ఇంకా తగ్గిపోతాయి. అందుకే జర్మన్ రైల్వే వాళ్ల డీబీ యాప్‌లో మీరు వెళ్లే తారీఖు పెట్టి, సాయంత్రం తిరిగి రావడానికి రెండు రైళ్ల టైములు కాగితం మీద రాసుకోండి. ఒకటి మీరు ఎక్కాలనుకునేది, ఇంకోటి అది పోతే ఎక్కేది. వారం ముందు ఒకసారి చూసినా, బయల్దేరే ముందు రోజు రాత్రి మళ్లీ చూడండి. పట్టాల పనులుంటే రైలు బదులు బస్సు నడుపుతారు, అప్పుడు యాప్‌లో ఎస్ఈవీ అని కనిపిస్తుంది, ప్రయాణం కూడా ఎక్కువసేపు పడుతుంది.

ఈ లైన్‌లో ఆలస్యాలు ఎందుకు వస్తాయో తెలిస్తే కాస్త స్థిమితంగా ఉండొచ్చు. మ్యూనిక్, మ్యూల్‌డార్ఫ్ మధ్య చాలా దూరం ఇంకా సింగిల్ లైనే, నడిచేది డీజిల్ బండ్లు. రెండో లైన్ వేసి కరెంటు పెట్టే పని ఏళ్ల తరబడి సాగుతోంది. మన దగ్గర క్రాసింగ్ కోసం చిన్న స్టేషన్లో బండి ఆపేస్తారు చూడండి, ఇక్కడా అంతే. ఎదురొచ్చే బండి లేటైతే మీ బండి కూడా లేటు. మూడు జర్మన్ మాటలు గుర్తుపెట్టుకుంటే చాలు: గ్లైస్ అంటే ప్లాట్‌ఫామ్, ఫెర్‌ష్పేటుంగ్ అంటే ఆలస్యం, ఫెల్ట్ ఆవుస్ అంటే రద్దయింది. ఈ మూడోది బోర్డు మీద కనిపిస్తే ఎవరినైనా అడగడానికి వెనకాడకండి.

టికెట్ సంగతి. నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ ఉన్నవాళ్లకి వేరే ఏమీ అక్కర్లేదు. లేనివాళ్లు, ముఖ్యంగా విజిట్‌కి వచ్చిన పెద్దవాళ్లు, బయర్న్ టికెట్, అంటే బవేరియా రాష్ట్రంలో ఒక రోజు చెల్లే టికెట్, తీసుకోవాలి. ఒకే టికెట్ మీద ఐదుగురి దాకా వెళ్లొచ్చు, మనుషుల సంఖ్య పెరిగే కొద్దీ కొంచెం ధర పెరుగుతుంది, విడివిడిగా కొనడం కంటే చాలా చవక. రూల్స్ మాత్రం సరిగ్గా చూసుకోండి. సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం 9 గంటల తర్వాతే చెల్లుతుంది. శని, ఆదివారాల్లోనూ సెలవు రోజుల్లోనూ ఆ షరతు లేదు. మర్నాడు తెల్లవారుజామున 3 గంటల దాకా పనికొస్తుంది. ప్రయాణించేవాళ్ల పేర్లు దాని మీద రాయాలి, రాయకపోతే చెల్లదు. ప్రాంతీయ రైళ్లలోనే చెల్లుతుంది, ఐసీఈ అనే హైస్పీడ్ రైళ్లు ఎక్కకూడదు. మ్యూనిక్‌లో ఇంటి నుంచి స్టేషన్‌కి వెళ్లే ఎస్ బాన్ (లోకల్ రైలు), యూ బాన్ (మెట్రో) కూడా ఇందులోనే కలిసి వస్తాయి, వాటికి మళ్లీ వేరే టికెట్ కొనకండి.

రైలు ఎక్కేది హౌప్ట్‌బాన్‌హోఫ్‌లో, అంటే మ్యూనిక్ మెయిన్ స్టేషన్లో, అయితే పావుగంట ముందు ఉండండి. అక్కడ కొన్ని ప్లాట్‌ఫామ్‌లు మెయిన్ హాల్‌కి ఇటూ అటూ ఉన్న రెక్కల్లో ఉంటాయి, పెద్దవాళ్లతో అక్కడిదాకా నడవడానికి టైం పడుతుంది. మీ ఇల్లు తూర్పు వైపు ఉంటే ఓస్ట్‌బాన్‌హోఫ్‌లో (తూర్పు స్టేషన్) ఎక్కడమే సుఖం, ఈ రైళ్లు అక్కడ కూడా ఆగుతాయి.

బుర్గ్‌హౌజెన్‌లో దిగగానే ఎదురుగా కోట కనిపిస్తుందనుకోకండి. స్టేషన్ కొత్త ఊళ్లో ఉంది. 1914లో మొదలైన వాకర్ రసాయనాల కంపెనీకి పెద్ద ఫ్యాక్టరీ ఈ ఊళ్లోనే ఉంది, దాని చుట్టూ పెరిగిన ఊరు ఇది, చూడ్డానికి మామూలు టౌనే. పాత ఊరూ కోటా దక్షిణాన ఉన్నాయి. కోట ఉత్తరపు ప్రవేశం, అంటే కూరాప్లాట్స్ అనే చోటు, స్టేషన్ నుంచి సుమారు రెండు కిలోమీటర్లు, తీరిగ్గా నడిస్తే అరగంట. బస్సు ఉంటుంది గానీ ఆదివారాల్లో టైమ్ చూసుకోకుండా దాన్ని నమ్ముకోవద్దు.

అన్నిటికంటే ముఖ్యమైన సలహా ఏంటంటే, కోటని ఉత్తరం నుంచి దక్షిణానికి నడవండి. చాలామంది నేరుగా కింద పాత ఊళ్లోకి వెళ్లిపోయి, అక్కడి నుంచి నిటారుగా ఉన్న రాళ్ల దారిలో పైకి ఎక్కుతారు. నేనూ మొదటిసారి అమ్మని అలాగే తీసుకెళ్లాను, మోకాళ్ల నొప్పితో ఆమె సగం దారిలోనే కూర్చుండిపోయింది. కూరాప్లాట్స్ వైపు నుంచి వస్తే ఎక్కాల్సింది దాదాపు ఏమీ ఉండదు. గోల్కొండలో బాలాహిస్సార్ దాకా మెట్లెక్కుతాం, ఆయాసపడుతూ పైకి చేరితేనే కోట చూసినట్టు. ఇది అలా కాదు, ఇది వీధిలా ఉంటుంది. ఒక ప్రాంగణం, ఒక ద్వారం, మళ్లీ ఇంకో ప్రాంగణం, ఇలా మొత్తం ఆరు. బయటి ప్రాంగణాల్లో ఇప్పటికీ మనుషులు కాపురం ఉంటున్నారు, కిటికీల్లో పూల కుండీలు కనిపిస్తాయి. వాళ్ల గుమ్మాల ముందు గట్టిగా మాట్లాడకండి, తలుపుల్లోంచి ఫోటోలు తీయకండి.

కథ తెలిస్తే ఆ రాళ్లు వేరేగా కనిపిస్తాయి. 1255లో బవేరియాని అన్నదమ్ములు పంచుకున్నాక, దిగువ బవేరియా ప్రభువులకి లాండ్స్‌హూట్ తర్వాత రెండో రాజధాని ఈ ఊరే అయింది. జాల్‌జాఖ్ మీద పడవల్లో వచ్చే ఉప్పు ఆదాయం వాళ్ల ఖజానా నింపింది. 1475లో ఆ వంశపు గేయోర్గ్, పోలండ్ రాజు కూతురు హెడ్విగ్‌ని లాండ్స్‌హూట్‌లో పెళ్లి చేసుకున్నాడు. ఆ పెళ్లిని ఇప్పటికీ అక్కడ నాలుగేళ్లకోసారి పెద్ద ఉత్సవంగా ఆడి చూపిస్తారు. పెళ్లి నాటికి పద్దెనిమిదేళ్ల ఆ అమ్మాయి, ఆ తర్వాత తన పరివారంతో ఈ కోటలోనే ఉండి 1502లో ఇక్కడే చనిపోయింది. లోపలికి వెళ్తుంటే గేయోర్గ్ ద్వారం మీద బవేరియా, పోలండ్ రెండిటి చిహ్నాలూ చెక్కి ఉంటాయి, తలెత్తి చూడండి. హెడ్విగ్‌కి ముందు ఇదే కోటలో ఇంగోల్‌స్టాట్ ప్రభువు, గడ్డపు లూడ్విగ్ అని పిలిచే ముసలాయన, బందీగా ఉన్నాడు. కన్నకొడుకే తిరగబడి ఆయన్ని పట్టుకున్నాడు, చివరికి దాయాది చేతికి చిక్కి 1447లో ఇక్కడే పోయాడు. దక్షిణపు చివరనున్న అసలు కోటలో పాత చిత్రాల గ్యాలరీ, మ్యూజియంలు ఉన్నాయి. అన్నీ చూడాలని పెట్టుకోకండి, ఒకటి చాలు. అక్కడి నుంచి ఒకవైపు నదీ, ఇంకోవైపు వోర్‌జే చెరువూ కనిపిస్తాయి. మా నాన్న అరగంట అక్కడి గోడ దగ్గరే నిలబడిపోయారు.

ఇక గేయోర్గ్ ద్వారం దగ్గర నుంచి కిందికి దిగే దారి పట్టుకుంటే పాత ఊరి చౌక్, ష్టాట్‌ప్లాట్స్, చేరతారు. గులాబీ, పసుపు, లేత ఆకుపచ్చ రంగుల ఇళ్లు వరసగా ఉంటాయి. పక్కనే గ్రూబెన్ అనే ఇరుకు వీధిలో నేల మీద సంగీతకారుల పేర్లతో పలకలు కనిపిస్తాయి, 1970 నుంచి ఈ ఊళ్లో జాజ్ ఉత్సవం జరుగుతోంది. వంతెన దాటితే అవతల ఆస్ట్రియా, ఆఖ్ అనే ఊరు. కోట మొత్తం ఒక్క ఫోటోలో పట్టేది అక్కడి గట్టు మీద నుంచే. షెంగెన్ వీసాతో దాటొచ్చు, కానీ పాస్‌పోర్టులు, మీ రెసిడెన్స్ కార్డూ తప్పకుండా దగ్గరుంచుకోండి, తిరిగి జర్మనీలోకి వచ్చేటప్పుడు పోలీసులు అడిగే అవకాశం ఉంది. ఆఖ్ వైపుకి తిరిగి ఉన్న గోడలు తూర్పు ముఖం, అంటే పొద్దున పూటే వెలుగు బాగా పడుతుంది. ఫోటోలు మీకు ముఖ్యమైతే శనివారం తొలి రైళ్లలో రండి. మధ్యాహ్నం దాటాక అయితే చెరువుకి పడమటి గట్టు నుంచి తీయండి.

తిండి విషయంలో ఇంటి నుంచి పులిహోర కట్టుకెళ్లడమే నా మాట. హోటళ్లలో చాలాచోట్ల మధ్యాహ్నం రెండు దాటితే వంటగది మూసేసి మళ్లీ సాయంత్రమే తెరుస్తారు, ఆదివారం సూపర్‌మార్కెట్లు ఉండవు. శాకాహారులు కేజె ష్పెట్స్‌లె, అంటే చీజ్ వేసిన మెత్తటి పాస్తా లాంటిది, అడగొచ్చు. అడిగేటప్పుడు ఓనె ష్పెక్, పంది మాంసం ముక్కలు లేకుండా, అని కూడా చెప్పండి. ఇక్కడి బంగాళాదుంప సలాడ్‌లో తరచూ మాంసం ఉడికించిన నీళ్లు పోస్తారు, కాబట్టి అది శాకాహారమే కదా అని తీసుకోవద్దు. కొంచెం నగదు, టాయిలెట్ల కోసం చిల్లర నాణేలు ఉంచుకోండి.

టైం మిగిలితే తిరుగు దారిలో ఆల్టోటింగ్‌లో దిగండి, అదే లైన్‌లో ఉంది, బయర్న్ టికెట్‌తో మధ్యలో దిగి మళ్లీ ఎక్కొచ్చు. 1489 నుంచి జనం నల్ల మేరీమాతకి మొక్కుకోవడానికి వస్తున్న చిన్న గుడి అది, స్టేషన్ నుంచి నడిచే దూరం. చెక్క సిలువ భుజాన వేసుకుని గుడి చుట్టూ తిరిగేవాళ్లని చూసి మా అమ్మ "ప్రదక్షిణలే కదరా" అంది. గోడల నిండా మొక్కు తీరినవాళ్లు పెట్టిన బొమ్మలు. నోయ్‌ష్వాన్‌స్టైన్ కట్టించిన బవేరియా రాజు రెండో లూడ్విగ్ గుండె కూడా వెండి కలశంలో ఈ గుడిలోనే ఉంది. ఒక రైలు దిగి తర్వాతి రైలు ఎక్కితే సరిగ్గా సరిపోతుంది.

మే నుంచి సెప్టెంబర్ మధ్య వెళ్తే రాత్రి దాకా వెలుతురుంటుంది. డిసెంబర్‌లో నాలుగున్నరకే చీకటి పడుతుంది, రాళ్ల నేల జారుతుంది, అప్పుడు పెద్దవాళ్లతో వద్దు. వెనక్కి వచ్చేటప్పుడు పాత ఊరి నుంచి స్టేషన్‌కి నడక ఎక్కువ, కొంత ఎత్తు కూడా ఎక్కాలి, కాబట్టి రైలుకి గంట ముందే కదలండి. లేదా బస్ స్టాప్‌లో టైమ్ టేబుల్‌ని పొద్దున్నే ఫోటో తీసి పెట్టుకోండి.