వరి మడిలో దోమ, సాలీడు లెక్క ఎక్సెల్‌లో వేయడం ఎలా?

ఉభాలు (నాట్లు) అయ్యి నెల దాటాక నరసన్నపేట దగ్గర మా మడిలో దిగి, ఒక దుబ్బు మొదలు చేత్తో తట్టాను. సుడిదోమలు (వరి రసం పీల్చే పురుగులు) నీళ్ల మీద రాలాయి. వాటి వెనకే ఒక సాలీడు ఉరికింది. "సాలీళ్లకి లెక్కలేట్రా?" అని గట్టు మీంచి చిన్నాన్న నవ్వాడు. ఉంది మరి. వేటాడేవీ, వాటికి చిక్కేవీ ఎలా పెరిగి తగ్గుతాయో 1925లో అమెరికాలో లోట్కా, 1926లో ఇటలీ గణితవేత్త వోల్టెర్రా ఎవరికి వారు రాసిన లెక్క. ఫోనులో ఎక్సెల్ ఉంటే చాలు.

మూడు నిలువు వరుసలు పెట్టండి: రోజు, దోమలు, సాలీళ్లు. మొదటి రోజు 50 దోమలు, 4 సాలీళ్లు. (ఈ అంకెలూ, కింది రేట్లూ నేర్చుకోడానికి నేను అనుకున్నవే, మడిలో కొలిచినవి కావు.)

రేపటి దోమలు = నేటి దోమలు + 0.1 × దోమలు − 0.02 × దోమలు × సాలీళ్లు.

అంటే 5 పుడతాయి, 4 సాలీళ్ల నోట్లో పడతాయి, 51 మిగులుతాయి. చివర్లో గుణకారం ఎందుకంటే, రెండూ ఎంత ఎక్కువుంటే అంతగా ఎదురుపడతాయి.

రేపటి సాలీళ్లు = నేటి సాలీళ్లు + 0.005 × రేపటి దోమలు × సాలీళ్లు − 0.2 × సాలీళ్లు.

తిండి దొరికి 1.02 కలిసి, చచ్చి 0.8 పోయి, 4.22. పావు సాలీడేమిటని అడక్కండి, సగటు అనుకోండి. ఇక్కడ 51 వాడాలి, 50 కాదు. నేను మొదట 50 వాడితే గ్రాఫ్ చుట్టుచుట్టుకీ ఉబ్బిపోయింది, ఒక సాయంత్రమంతా టెన్షనే.

ఫార్ములాలను 100 రోజుల దాకా కిందికి లాగి గ్రాఫ్ గీయండి. దోమల అల ముందు లేస్తుంది, సాలీళ్ల అల పది రోజులు వెనక. సుమారు 44 రోజులకో చుట్టు. దోమల సగటు 0.2 ÷ 0.005, అంటే 40. సాలీళ్లది 0.1 ÷ 0.02, అంటే 5. దోమల సగటును తేల్చేది సాలీళ్ల రేట్లే!

ఇప్పుడు మందు కొట్టి చూడండి. రోజూ రెండింట్లోనూ నూటికి 5 చస్తాయనుకుంటే 0.1 కాస్తా 0.05, 0.2 కాస్తా 0.25 అవుతాయి. దోమల సగటు 50కి పెరిగింది, సాలీళ్లది 2.5కి పడింది. ఇదే తిరగేసి సముద్రంలో జరిగింది: మొదటి ప్రపంచ యుద్ధంలో ఏడ్రియాటిక్ సముద్రంలో మనుషుల చేపల వేట తగ్గితే, వలల్లో పడ్డవాటిలో మిగతా చేపల్ని తినే చేపల వాటా పెరిగింది. అదెందుకని జంతుశాస్త్రవేత్త దంకోనా అడిగితేనే వోల్టెర్రా ఈ లెక్క మొదలుపెట్టాడు.

దోమలు అంతూపొంతూ లేకుండా పెరగవు కదా. మడిలో 200కి మించి పట్టవనుకుని, పుట్టుక భాగాన్ని, అంటే 0.1 × దోమలుని, (1 − దోమలు ÷ 200)తో గుణిస్తే అలలు మెల్లగా సద్దుమణుగుతాయి.

షీటు చూపించాక చిన్నాన్న నవ్వలేదు. "మందు కర్చుకి కూడా ఒక వరస పెట్రా" అన్నాడు.