చేతికి రావాల్సిన విద్య – 3: తట్టి వినడం

"డాక్టరు గారు మా ఊళ్ళో ప్రాక్టీసు పెట్టారు" అంటాం. అంత చదువు చదివాక ఇంకా ప్రాక్టీసేమిటని మా నాయనమ్మ అడిగేది. ఆ మాట మూలం గ్రీకులో ఉంది, 'చేయడం' అని అర్థం. చదివినదాన్ని మనిషి మీద చేసి చూపడమన్నమాట. అయినా నాయనమ్మ ప్రశ్నలో న్యాయముంది. మనవాళ్ళు మెచ్చుకునే హస్తవాసి చేయగా చేయగానే వస్తుంది.

పోయినసారి నాడి చూశాం. ఈసారి ఛాతీని వేలితో తట్టడం. 1761లో వియన్నాలో దీని మీద పుస్తకం రాసిన లియోపోల్డ్ ఔవెన్‌బ్రుగ్గర్ సత్రం నడిపేవారి కొడుకు. ద్రాక్షసారా పీపాలను తట్టి ఎంతవరకు నిండాయో చూడటం చిన్నప్పుడే గమనించాడని చెప్తారు. మన దగ్గర బియ్యం డబ్బా ఉంది. దానితోనే మొదలుపెడదాం.

మూత తీయకండి. ఎడమచేతి నడిమివేలిని డబ్బాకు గట్టిగా ఆనించండి, మిగతా వేళ్ళు తగలకూడదు. కుడి నడిమివేలిని కొక్కెంలా వంచి, దాని కొసతో ఎడమ వేలి చివరి కణుపు దగ్గర రెండుసార్లు తట్టండి. కదలాల్సింది మణికట్టు, మోచేయి కాదు. తట్టగానే వేలు వెనక్కి రావాలి, అక్కడే ఉంటే మోత చచ్చిపోతుంది. గోరు ముందే కత్తిరించుకోండి. పైనుంచి కిందికి వస్తుంటే ఒకచోట బోలు మోత పోయి మొద్దు శబ్దం వస్తుంది. అక్కడ సుద్దముక్కతో గీత గీసి, మూత తీసి చూడండి. మొదటిరోజు నా గీత జానెడు తప్పింది.

తర్వాత మీ తమ్ముణ్ణో స్నేహితుణ్ణో పడుకోబెట్టి, కుడి కాలర్ ఎముక (మెడ కింద భుజం వైపు అడ్డంగా ఉండేది) మధ్య నుంచి నిలువుగా పక్కటెముకల సందుల్లో తట్టుకుంటూ దిగండి. సాధారణంగా అయిదో సందు దగ్గర మోత మొద్దుబారుతుంది, అక్కడ కాలేయం మొదలు. గట్టిగా ఊపిరి పీల్చి పట్టమనండి. అదే చోట మళ్ళీ మోగుతుంది, ఊపిరితిత్తి కిందికి దిగింది కాబట్టి.

ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరితే రాయిని తట్టినట్టుంటుంది. నేను విద్యార్థిగా వార్డులో అలాంటి పెద్దాయన వీపు తట్టి, తేడా లేదన్నాను. మా సారు ఏమీ అనకుండా నా మణికట్టు పట్టుకుని, ఆరోగ్యంగా ఉన్న వైపు తట్టించి, వెంటనే రెండోవైపు తట్టించారు. అప్పుడు చెవికంటే ముందు వేలికి తెలిసింది. అందుకే ఎప్పుడూ రెండువైపులా పోల్చాలి.

వారం రోజులు రోజూ పది నిమిషాలు డబ్బా తట్టండి, బియ్యం మట్టం ఎవరైనా మారుస్తుండాలి. గీత రెండు వేళ్ళ లోపు తప్పుతుంటే తర్వాతి పాఠానికి రండి, స్టెతస్కోపు పట్టుకుందాం.