కార్బన్ పిడి లోపల ఏ ఫోమ్ పెట్టాలి? ఇంట్లోనే గాలం రాడ్ చేసుకునేవాళ్ల కోసం

నేను చేసిన మొదటి కార్బన్ పిడిని మా బావ చేతిలో పెట్టాను. ఆయనది సూళ్లూరుపేట, పులికాట్‌లో గాలం వేస్తూ పెరిగిన మనిషి. అటూ ఇటూ తిప్పి చూశాడు, మెరుపు బాగుందన్నాడు, తర్వాత బొటనవేలితో గట్టిగా ఒక్క నొక్కు నొక్కాడు. టిక్కుమని సన్నటి చప్పుడు. వేలు తీసేసరికి అక్కడ చిన్న గుంట, చుట్టూ తెల్లటి గీతలు. "పైన బాగానే ఉంది బావా, లోపల ఏం పెట్టావు?" అన్నాడు. లోపల ఉన్నది టీవీ డబ్బాలో వచ్చిన థర్మాకోల్.

ఆ తర్వాత చెన్నైలో మా మేడ మీది గదిలో చాలా పిడులు చేశాను. అందులో నాకు అర్థమైంది ఒక్కటే. కార్బన్ స్లీవ్ (పిడి మీద తొడిగే కార్బన్ పోగుల అల్లిక గొట్టం) ఎంత మంచిది కొన్నా, లోపలి ఫోమ్ సరైనది కాకపోతే పిడి నిలబడదు. కాబట్టి స్లీవ్‌కు డబ్బు పెట్టకముందే ఫోమ్ సంగతి తేల్చుకోండి.

ముందు లెక్క వేయండి

పిడి పైన వచ్చే కార్బన్ పొర అర మిల్లీమీటరు కూడా ఉండదు. లాగితే తెగదు, కానీ వెనక ఆధారం లేకపోతే వేలి ఒత్తిడికే లోపలికి పోతుంది. ఆ ఆధారం ఇచ్చేది ఫోమ్. చేప లాగినప్పుడు బ్లాంక్ (పిడి మధ్యలోంచి వెళ్లే రాడ్ అసలు కర్ర) మీద పడిన బలాన్ని చేతిదాకా మోసుకొచ్చేది కూడా అదే.

చాలామంది అన్నిటికన్నా తేలికైన ఫోమ్ కోసం వెతుకుతారు. ఒకసారి లెక్క చూడండి. 20 సెంటీమీటర్ల పొడవు, 25 మిల్లీమీటర్ల లావు, మధ్యలో 12 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న పిడిలో ఫోమ్ సుమారు 75 ఘన సెంటీమీటర్లు పడుతుంది. ఘనపు మీటరుకు 30 కిలోల ఫోమ్ అయితే రెండు గ్రాముల పైచిలుకు. 80 కిలోలదైతే 6 గ్రాములు. తేడా నాలుగు గ్రాములు కూడా లేదు. అదే ఫోమ్ పైపైన ఎపాక్సీ (కార్బన్‌ను అతికించి గట్టిపరిచే జిగురు) తాగిందంటే, కేవలం 0.3 మిల్లీమీటర్ల లోతుకే 5 గ్రాముల బరువు ఎక్కుతుంది. తేలిక ఫోమ్‌తో మిగిల్చుకున్నదంతా ఎపాక్సీ మింగేస్తుంది. అందుకే నేను బరువు కన్నా ముందు రెండు విషయాలు చూస్తాను: నొక్కితే ఎంత ఓర్చుకుంటుంది, ఎపాక్సీ ఎంత తాగుతుంది.

మనకు దొరికే ఫోమ్‌లు

థర్మాకోల్ అంటే కాసిమేడు రేవులో ఐసు పెట్టి చేపలు పంపే పెట్టెల సరుకు. పూసలు పూసలుగా ఉంటుంది, పూసల సందుల్లోకి ఎపాక్సీ దిగుతుంది, నున్నగా చెక్కబోతే పూసలు ఊడి వస్తాయి. పిడికి వద్దు. ఆకారం ఎలా వస్తుందో చూసుకోవడానికి నమూనాగా మాత్రం పనికొస్తుంది.

ఎక్స్‌పీఎస్ (ఎక్స్‌ట్రూడెడ్ పాలీస్టైరీన్) కూడా థర్మాకోల్ లాగే పాలీస్టైరీన్ ప్లాస్టిక్కే, కానీ లోపలి గాలి గదులు మూసుకుని, ఒత్తుగా ఉంటుంది. ఎండ వేడి కిందికి దిగకుండా మేడ మీద పరిచే గులాబీ, నీలం రంగు బోర్డులు ఇవే. ఎపాక్సీని దాదాపు తాగదు, ఎమరీ పేపర్‌తో చక్కగా అరుగుతుంది, ధర తక్కువ. కొరమేను కోసం చెరువు గట్టున వాడే తేలికపాటి రాడ్‌కు ఇది చాలు. దీని బలహీనత వేడి. 75 డిగ్రీలు దాటితే నమ్మకండి. ఇంకొకటి, పాలియెస్టర్ రెసిన్, అసిటోన్, పెట్రోలు, స్ప్రే పెయింట్ తగిలితే పాలీస్టైరీన్ కరిగిపోతుంది. కార్బన్ పొరలో కంటికి కనపడని సూది రంధ్రం ఉన్నా చాలు, పైన కొట్టిన స్ప్రే అందులోంచి దిగి ఫోమ్‌ను తినేస్తుంది.

పీయూ ఫోమ్, అంటే కోల్డ్ స్టోరేజీ గోడల్లో ఉండే పఫ్. రీల్ సీట్ (రీల్ బిగించే భాగం) కింద, బ్లాంక్‌కూ దానికీ మధ్య సందు నింపడానికి వేసే ఆర్బర్లు చాలావరకు గట్టి పీయూతోనే చేస్తారు. పాలియెస్టర్‌కూ ఎపాక్సీకీ, మామూలు వేడికీ తట్టుకుంటుంది. అయితే గోడ ప్యానెల్ ఫోమ్ ఘనపు మీటరుకు 40 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది, గోటితో గీస్తే పొడి రాలుతుంది. దొరికితే 100 కిలోలు, ఆ పైది తీసుకోండి. డబ్బాలోంచి స్ప్రే చేసే పీయూ ఫోమ్ మాత్రం వద్దు. అది గాలిలో తేమతో గట్టిపడే రకం. లోపల పచ్చిగా మిగిలిపోతుంది, బుడగలు ఒక తీరున రావు.

పీవీసీ ఫోమ్‌ను ఫైబర్ పడవల తయారీలో వాడతారు. నా ఓటు దీనికే. 80 కిలోల రకం ఎక్స్‌పీఎస్ కంటే నాలుగైదు రెట్లు ఒత్తిడి ఓర్చుకుంటుంది. ముట్టుకాడులో పండుగప్ప కోసం వేసే రాడ్లకు, పిడి చివర నడుముకు ఆనించి లాగాల్సిన రాడ్లకు నేను ఇదే పెడతాను. ధర ఎక్కువే. కానీ ఒక పిడికి పట్టేది చిన్న ముక్క. పడవలు కట్టేవాళ్ల దగ్గర మిగులు ముక్కలు అడిగి చూడండి.

కొనేముందు ముక్కను పరీక్షించండి

అంగట్లో చెప్పే సాంద్రతను అలాగే నమ్మకుండా, 5 సెంటీమీటర్ల ఘనం ఒకటి కోసి తూచండి. వచ్చిన గ్రాములను 8తో గుణిస్తే ఘనపు మీటరుకు ఎన్ని కిలోలో తెలుస్తుంది. 10 గ్రాములు తూగితే 80 కిలోల ఫోమ్ అన్నమాట.

తర్వాత బొటనవేలి గోటితో నొక్కండి. గుంట పడి అలాగే ఉండిపోతే అది పిడికి మెత్తనిది. మూడోది, మీరు వాడబోయే ఎపాక్సీనే హార్డెనర్‌తో కలిపి ఒక చుక్క వేసి ఒక రోజు వదిలేయండి. అడ్డంగా కోసి, ఎంత లోతు దిగిందో, ఫోమ్ ఎక్కడైనా కుంగిందో చూడండి. చివరగా ఒక ముక్కను మధ్యాహ్నం ఎండలో, అద్దాలు మూసిన కారులో పెట్టండి. చెన్నై దగ్గరి కోవళం ఒడ్డున మే నెలలో మీ రాడ్ ఉండబోయేది అక్కడే.

రంధ్రం, చెక్కడం, పూత

ఆకారం చెక్కాక రంధ్రం వేస్తే పక్కకు పోతుంది. ముందు రంధ్రం వేయండి. పొడవాటి డ్రిల్ బిట్ లేకపోతే రెండు పలకల్లో అర్ధచంద్రాకారపు గాడి తీసి, ఎపాక్సీతో అతికించండి. మామూలు తెల్ల ఫెవికాల్ వద్దు. గాలి ఆడని ఫోమ్ మధ్యలో అది రోజుల తరబడి తడిగానే ఉంటుంది. సాల్వెంట్ ఉన్న గమ్ అయితే పాలీస్టైరీన్‌ను కరిగిస్తుంది.

తర్వాత ఫోమ్‌ను మరలు ఉన్న ఇనప కడ్డీకి (థ్రెడెడ్ రాడ్) ఎక్కించి రెండు వైపులా నట్లు బిగించి, డ్రిల్ మెషీన్‌లో నెమ్మదిగా తిప్పుతూ 80, 120, 220 నంబర్ల ఎమరీ పేపర్లతో వరసగా అరగదీయండి. వేడి తీగతో కోయడం పాలీస్టైరీన్‌కే. పీయూ, పీవీసీ కాలితే వచ్చే పొగ విషం. అరగదీసేటప్పుడు మాస్కు తప్పనిసరి.

ఇప్పుడు అసలైన పని. ఎపాక్సీలో మైక్రోబెలూన్ పొడి (కంటికి ఆనని డొల్ల పూసల పొడి) కలిపి, దోసె పిండిలా చిక్కగా చేసి, ప్లాస్టిక్ కార్డుతో ఫోమ్ ఒళ్లంతా గీకినట్టు పూయండి. తెగిన గదులన్నీ నిండాలి, పైన పొర మిగలకూడదు. రంధ్రం లోపల పల్చటి ఎపాక్సీ ఒక పూత వేయండి. లేకపోతే బ్లాంక్‌కు అతికించాక ఫోమ్ అక్కడే చిరిగి పిడి తిరుగుతుంది. ఆరాక తేలిగ్గా అరగదీసి, అప్పుడు స్లీవ్ తొడిగి ఎపాక్సీతో తడపండి. స్లీవ్‌ను కుదిస్తే లావవుతుంది, లాగితే బిగుస్తుంది.

దాన్ని ఫోమ్‌కు బిగించడానికి వాడే, వేడితో కుంచించుకుపోయే ట్యూబుకు 100 డిగ్రీలకు అటూ ఇటూ వేడి కావాలి. పీవీసీ, పీయూ ఆ కాసేపటి వేడిని ఓర్చుకుంటాయి. ఎక్స్‌పీఎస్ మీద హీట్ గన్ పెట్టకండి. దానికి ఎలక్ట్రికల్ టేపును జిగురు వైపు పైకి వచ్చేలా చుట్టి, ఎక్కువైన ఎపాక్సీ బయటికి రావడానికి సూదితో పొడవండి. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో తేమ వల్ల ఎపాక్సీ మీద జిడ్డు పొర వస్తే, నీళ్లతో కడిగి తుడిచాకే పై పూత వేయండి.

రీల్ సీట్‌లో అల్యూమినియం భాగం ఉంటే కార్బన్‌కు నేరుగా తగలనివ్వకండి. ఉప్పునీళ్లు చేరితే అల్యూమినియం తినుకుపోతుంది. మధ్యలో ఒక చుట్టు గ్లాస్ క్లాత్ వేస్తే సరిపోతుంది.

ఒక రోజు ఆరాక రూపాయి బిళ్లతో పిడి అంతా తట్టుకుంటూ రండి. చప్పుడు ఒకేలా ఉండాలి. ఎక్కడైనా డొల్లగా మోగితే అక్కడ పొర ఫోమ్‌ను వదిలేసిందని అర్థం. ఒక మిల్లీమీటరు బిట్‌తో అక్కడ రెండు రంధ్రాలు వేసి, సిరంజితో ఒకదాంట్లోంచి ఎపాక్సీ ఎక్కించండి. రెండో దాంట్లోంచి బయటికి వచ్చాక టేపు వేసి మూసేయండి.