ఫోర్జ్‌డ్ ఐరన్స్ కొనే ముందు, కొన్న తర్వాత: ఒక ఉక్కు ఉద్యోగి అనుభవం

మా తాత చోడవరం దగ్గర ఒక పల్లెలో కమ్మరి. చిన్నప్పుడు వేసవి సెలవులకు వెళ్తే ఆయన కొలిమి దగ్గర తిత్తి లాగడం నా పని. తాత పట్టకారుతో ఎర్రగా కాలిన ఇనుమును దాగలి మీద తిప్పుతుంటే మా పెదనాన్న సమ్మెట వేసేవాడు. నాగలి కర్రు చల్లారాక తాత దాన్ని చిన్న సుత్తితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. మోత బాగాలేకపోతే లోపల పగులుందని మళ్లీ కొలిమిలో పెట్టేవాడు. అలా చెవితో ఇనుమును పరీక్షించడం అరవై ఏళ్ల వయసులో గోల్ఫ్ కోర్సులో నాకు పనికొస్తుందని అప్పుడు తెలియదు.

విశాఖ ఉక్కునగరంలో ఇరవై ఏడేళ్లు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఇప్పుడు వారానికి మూడు రోజులు తెల్లవారగానే ముడసర్లోవ దగ్గర ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌కు వెళ్తాను. నా హ్యాండీక్యాప్ (ఆట స్థాయిని చెప్పే అంకె, తక్కువైతే మంచిది) 16. పెద్ద ఆటగాణ్ణి కాను. కానీ ఇనుము గురించి కొంచెం తెలిసినవాణ్ణి కాబట్టి కొత్తగా ఆడేవాళ్లు వచ్చి, "అంకుల్, ఫోర్జ్‌డ్ తీసుకోమంటారా?" అని అడుగుతుంటారు. టీ తాగుతూ ఐదు నిమిషాల్లో చెప్పగలిగేది కాదు ఇది. అందుకే వివరంగా రాస్తున్నాను.

గోల్ఫ్‌లో బంతిని కొట్టే కర్రను కూడా క్లబ్ అనే అంటారు. లోహపు పలక లాంటి తల ఉన్న రకం క్లబ్ పేరు ఐరన్. ఆ తలను కాల్చి కొట్టి చేస్తే ఫోర్జ్‌డ్, పోత పోసి చేస్తే కాస్ట్. ముందు ఒక మాట సరిచేయాలి. గోల్ఫ్‌లో "కాస్ట్ ఐరన్" అంటే పోత ఇనుము కాదు. నాతో పనిచేసిన ఒకాయన ఈ మాట విని, పోత ఇనుముతో కొడితే విరిగిపోదా అని నిజంగానే భయపడ్డాడు. ఇక్కడ ఐరన్ అంటే క్లబ్ పేరు మాత్రమే. కాస్ట్ క్లబ్‌లు ఎక్కువగా స్టెయిన్‌లెస్ స్టీల్‌వి. క్లబ్ తల ఆకారంలో మైనం బొమ్మ చేసి, చుట్టూ సిరామిక్ పెంకు కట్టి, మైనం కరిగించి తీసేసి, ఆ ఖాళీలో కరిగిన స్టీల్ పోస్తారు. మన దగ్గర పంచలోహ విగ్రహాలు పోసే పద్ధతికి దగ్గరి చుట్టం ఇది. ఎక్కువగా వాడే 17-4 స్టీల్‌లో సుమారు 17 శాతం క్రోమియం, 4 శాతం నికెల్ ఉంటాయి. గట్టి లోహం, తుప్పు త్వరగా పట్టదు. పోత కాబట్టి వెనక ఎలాంటి లోతైన గుంటైనా తేలిగ్గా చేయవచ్చు, బరువును తల అంచులకు పంపవచ్చు. గోల్ఫ్ క్లబ్‌లు చేసే పింగ్ కంపెనీ పెట్టిన కార్‌స్టెన్ సోల్‌హైమ్ ఇంజనీరు. అంచులకు బరువు పంపితే బంతి మధ్యలో తగలకపోయినా తల ఎక్కువగా తిరగదని ఆయన పట్టుకున్నాడు. మామూలు ఆటగాళ్లకు అది పెద్ద మేలు.

ఫోర్జ్‌డ్ క్లబ్ కథ మా తాత కొలిమి కథే. తక్కువ కార్బన్ ఉన్న ఉక్కు కడ్డీని సుమారు 1200 డిగ్రీలకు కాల్చి, అచ్చుల మధ్య పెట్టి ప్రెస్సుతో రెండు మూడు సార్లు కొడతారు. పక్కలకు పొంగిన లోహాన్ని కోసేసి, సానపట్టి, గీతలు వేసి, పైన నికెల్, క్రోమ్ పూత పూస్తారు. పెట్టె మీద 1020, 1025 అని ఉంటే చివరి రెండు అంకెలు కార్బన్‌ను చెబుతాయి: 0.20 శాతం, 0.25 శాతం. మన ఇంటి స్లాబులో వేసే కడ్డీలో ఉండేది కూడా ఇంచుమించు ఈ మోతాదే. జపాన్ కంపెనీ మిజునో వాళ్లు హిరోషిమాలో ఒకే కడ్డీ నుంచి తలను, షాఫ్ట్ (క్లబ్ కర్ర) దూరే గొట్టాన్ని కలిపి సాగదీసి, చెక్కలో నార లాంటి లోహపు పోగు తెగకుండా చూస్తామంటారు. ఇంకో జపాన్ కంపెనీ మియురా కార్ఖానా ఉన్నది హిమేజీ దగ్గర. మా తాత కూడా ఉక్కుకు పోగు ఉంటుందని, అడ్డంగా కొడితే పని చెడుతుందని అనేవాడు.

ఇక అందరూ చెప్పే ఆ "మెత్తదనం" సంగతి. ఫోర్జ్‌డ్‌తో బంతి సరిగ్గా తగిలితే చేతికి వెన్నలా ఉంటుందంటారు. నాకూ అలాగే అనిపించేది. కానీ బంతి ఫేస్‌ను (తల ముందువైపును) తాకి వదిలే సమయం సెకనులో సుమారు రెండువేలవ వంతు. చేతికి కబురు అందేసరికి బంతి వెళ్లిపోయి ఉంటుంది. అందుకని ఒక ఉదయం రేంజ్‌లో (సాధన చేసే చోట) ఒక పరీక్ష చేశాను. చెవుల్లో గట్టిగా దూది పెట్టుకున్నాను. నా స్నేహితుడు వెనక నుంచి క్లబ్ అందించాలి, నేను కిందికి చూడకుండా కొట్టాలి. ఒకటి నా ఫోర్జ్‌డ్ 7 ఐరన్, రెండోది అతని కాస్ట్ 7 ఐరన్ (అంకె పెరిగేకొద్దీ బంతి ఎత్తుగా, తక్కువ దూరం పోతుంది). రెండింటి ఆకారం దాదాపు ఒకటే, షాఫ్ట్ కూడా ఒకే రకం. పదిసార్లలో నేను సరిగ్గా చెప్పింది ఐదుసార్లు. అంటే బొమ్మా బొరుసా వేసినా అంతే వచ్చేది. దూది తీశాక ఎనిమిదిసార్లు సరిగ్గా చెప్పాను. మనం మెత్తదనం అనుకునేదానిలో చాలా భాగం చెవికి వినపడే మోతే. తల ఆకారం, ఫేస్ మందం, చివరికి ఏ బంతి వాడుతున్నాం అనేవి కూడా ఆ మోతను మారుస్తాయి. రేంజ్‌లో ఉండే గట్టి బంతులతో కొట్టి చూసి క్లబ్ మీద తీర్పు చెప్పకండి. మీరు ఆటలో వాడే బంతి నాలుగు జేబులో వేసుకుని వెళ్లండి.

మరి ఫోర్జ్‌డ్‌కు ఎందుకు డబ్బు పెట్టాలి? నా లెక్కలో కారణాలు రెండు. మొదటిది, ఈ ఉక్కు వంగుతుంది. మీ ఒడ్డు పొడవులకు, మీరు నిలబడే తీరుకు తగ్గట్టు లై కోణాన్ని (షాఫ్ట్‌కూ నేలకూ మధ్య కోణం), లోఫ్ట్‌ను (ఫేస్ వెనక్కి వాలిన కోణం) రెండు డిగ్రీల దాకా నిశ్చింతగా మార్చవచ్చు. 17-4 అంత తేలిగ్గా వంగదు. రెండోది, ఫోర్జ్‌డ్‌లో ఎక్కువగా వచ్చే చిన్న తల, సన్నటి పైఅంచు, తక్కువ ఆఫ్‌సెట్ (షాఫ్ట్ కంటే ఫేస్ వెనక్కి ఉండే దూరం). వీటితో బంతి ఎక్కడ తగిలిందో దాచకుండా తెలుస్తుంది. తప్పు కొడితే తప్పు అని చెబుతుంది. ఇది కావాలా వద్దా అన్నది మీరు తేల్చుకోవాలి. తప్పు చెప్పించుకోవడం కొందరికి ఇష్టం, కొందరికి ఆదివారం పూట ఆ టెన్షన్ అక్కర్లేదు. రెండూ న్యాయమే.

తేల్చుకోవడానికి నేను అందరి చేతా చేయించే పని ఒకటుంది. స్కూల్లో వాడే వైట్‌బోర్డ్ మార్కర్ కొనండి. 7 ఐరన్ ఫేస్ మొత్తం పూయండి. ఒక బంతి కొట్టండి. తగిలినచోట రంగు చెరిగి గుండ్రని మచ్చ కనిపిస్తుంది. ఫోన్‌లో ఫొటో తీసి, తుడిచి, మళ్లీ పూయండి. ఇరవై బంతులు ఇలా కొట్టండి. తర్వాత ఫేస్ మధ్యలో ఒక పది రూపాయల బిళ్ల పెట్టి చూడండి. ఇరవైలో పన్నెండు, పదమూడు మచ్చల నడిమి భాగం ఆ బిళ్ల కింద పడితే ఫోర్జ్‌డ్ మీకు ఇబ్బంది పెట్టదు. ఏడెనిమిది మాత్రమే పడితే లోతైన గుంట ఉన్న కాస్ట్ క్లబ్ మీద ఇంకో ఏడాది ఆడండి. మచ్చలన్నీ ఒకే చోట, కానీ మొన (తల చివర) వైపో మడమ (షాఫ్ట్ దగ్గర) వైపో గుంపుగా ఉంటే అది మీ చేతి తప్పు కాకపోవచ్చు. క్లబ్ పొడవో, మీరు బంతికి నిలబడే దూరమో చూడాలి.

లై కోణాన్ని చూడటానికి అదే మార్కర్ చాలు. బంతి మీద నిలువుగా మందపాటి గీత గీసి, గీత ఫేస్ వైపు ఉండేలా పెట్టి కొట్టండి. గీత ఫేస్ మీద అచ్చు పడుతుంది. అది ఫేస్ మీది అడ్డ గాడులకు సరిగ్గా నిటారుగా ఉంటే లై బాగున్నట్టు. గీత పైకొస మొన వైపు వాలితే లై మీకు ఎక్కువ నిటారుగా ఉన్నట్టు, కుడిచేతి ఆటగాడికి బంతి ఎడమకు పోతుంది. మడమ వైపు వాలితే దీనికి తిరగబడి, కుడికి. నాలుగైదు సార్లు కొట్టి, ఒకేలా వస్తేనే నమ్మండి. ఒక్క గీతను చూసి వంచడానికి పరుగెత్తకండి.

వంచడం దగ్గర నాకు జరిగిన నష్టం చెబుతాను, మీకు జరగకూడదని. నా మొదటి ఫోర్జ్‌డ్ సెట్ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. వేరే ఊళ్లో ఒక దుకాణంలో లై సరిచేయించాను. అతను కోణం కొలిచే మెషీన్ పెట్టకుండా, వైస్‌లో బిగించి, పైపు తొడిగి కంటి అంచనాతో వంచేశాడు. తర్వాత ఆరు నెలలు నా 8, 9 ఐరన్లు దాదాపు ఒకే దూరం పోతుంటే నా స్వింగ్‌లోనే తప్పు వెతుక్కున్నాను. ఆఖరికి కొలిపిస్తే 8 ఐరన్ లోఫ్ట్ 38 డిగ్రీలు, 9 ఐరన్ 39.5. వాటి మధ్య నాలుగు డిగ్రీల దాకా తేడా ఉండాలి. ఆ ఆరు నెలల బాధ తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. కాబట్టి వంచే ముందు ప్రతి క్లబ్‌కూ లోఫ్ట్, లై కొలిచి కాగితం మీద రాయించండి. వంచాక మళ్లీ కొలిపించండి. మెషీన్ లేని చోట క్లబ్ ఇవ్వకండి. మెత్తటి ఉక్కు మనకు వంగినట్టే, రేంజ్ మ్యాట్ దెబ్బలకూ, రఫ్‌లో (పొడవాటి గడ్డిలో) తగిలే రాళ్లకూ వంగుతుంది. ఏడాదికోసారి కొలిపించుకోవడం మంచిది.

దూరాలు పోల్చేటప్పుడు క్లబ్ మీద అంకె చూసి మోసపోవద్దు. వెనక గుంట లేని బ్లేడ్ రకం 7 ఐరన్ లోఫ్ట్ 34 డిగ్రీల దగ్గర ఉంటుంది. దూరం కోసం చేసిన 7 ఐరన్ 28, 29 డిగ్రీలు కూడా ఉండొచ్చు. అది పాతకాలపు 6 ఐరన్ కంటే తక్కువ లోఫ్ట్, అందుకే బంతి ఎక్కువ దూరం పోతుంది. "ఫోర్జ్‌డ్ వేశాక పదిహేను గజాలు తగ్గాయి" అని దిగాలుపడేవాళ్లలో చాలామందికి తగ్గింది లోఫ్ట్ వల్లే. అలాగే ఫోర్జ్‌డ్ అన్న మాట ఒక్కటే చూసి కూడా కొనకండి. టేలర్‌మేడ్ పీ790 ఫేస్ ఫోర్జ్‌డే, కానీ లోపల డొల్ల. అది బ్లేడ్ కానే కాదు, ఆడటానికి ఇంకో జాతి.

నా బ్యాగులో ఇప్పుడు రెండూ ఉన్నాయి. 5, 6 ఐరన్లు లోపల డొల్లగా, కాస్త లావుగా ఉన్నవి. 7 నుంచి పిచింగ్ వెడ్జ్ (9 తర్వాత వచ్చే క్లబ్) దాకా చిన్న గుంట ఉన్న ఫోర్జ్‌డ్. పొడవాటి క్లబ్‌లో తప్పు ఎక్కువగా పడుతుంది, అక్కడ సాయం కావాలి. గ్రీన్ (బంతి పడాల్సిన గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి) దగ్గరకు వచ్చేకొద్దీ దూరం కచ్చితంగా తెలియాలి. నా స్థాయి వాళ్లకు ఇంతకంటే మంచి ఏర్పాటు నాకు కనిపించలేదు. కలిపేటప్పుడు 6కూ 7కూ మధ్య లోఫ్ట్ తేడా చూసుకోండి, అక్కడే పెద్ద సందు పడుతుంది.

సెకండ్‌హ్యాండ్ కొంటే అయస్కాంతం పట్టుకెళ్లమని కొందరు సలహా ఇస్తారు. అది ఫోర్జ్‌డ్, కాస్ట్ తేడా చెప్పదు. కార్బన్ స్టీల్‌కూ అంటుకుంటుంది, 17-4కూ అంటుకుంటుంది. కానీ అసలు అంటుకోకపోతే అది చవక జింక్ మిశ్రమం కావచ్చు, వెంటనే వదిలేయండి. 7, 8, 9 ఐరన్ల గాడుల్లో గోరు పెట్టి లాగి చూడండి. అంచులు నున్నగా అరిగితే రఫ్ నుంచి కొట్టిన బంతి గ్రీన్ మీద ఆగదు. షాఫ్టుల మీద స్టిక్కర్లన్నీ ఒకటేనా చూడండి.

చివరగా మన ఊరి గాలి. బీచ్ రోడ్డు వైపు ఇల్లున్నవాళ్లకు కిటికీ గ్రిల్స్ ఎంత త్వరగా తుప్పు పడతాయో చెప్పక్కర్లేదు. మా ఇల్లు ఎంవీపీ కాలనీలో, బాల్కనీలో పెట్టిన సైకిల్ చైను రెండు నెలల్లో ఎర్రబడింది. ఫోర్జ్‌డ్ క్లబ్‌ను కాపాడేది పైనున్న పల్చటి నికెల్, క్రోమ్ పూత ఒక్కటే. రాయి తగిలి ఆ పూత లేచిన చోట ఉప్పు గాలి దూరుతుంది. ఆట అయ్యాక క్లబ్‌హౌస్‌లోనే తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తుడవండి. చెమట పట్టిన టవల్‌తో తుడవొద్దు, అందులోనూ ఉప్పే. ఇంటికొచ్చాక గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు, పాత టూత్‌బ్రష్. స్టీలు పీచు వద్దు. ఇత్తడి బిందెలకు మల్లే చింతపండు పెట్టి తోమొద్దు, ఆ పులుపు పూత లేచినచోట ఉక్కును తినేస్తుంది. నాతో ఆడే ఒకాయన భార్య, మెరిపిద్దామని ప్రేమగా ఆ పని చేసింది, వారానికి మచ్చలు తేలాయి. వానాకాలంలో తడి బ్యాగును కారు డిక్కీలో వదిలేయకండి. ఎండాకాలంలో డిక్కీ వేడికి తలను షాఫ్ట్‌కు అంటించిన జిగురు కూడా మెత్తబడుతుంది.

పూత లేచిన గాటు ఎక్కడైనా కనిపిస్తే పొడిగా తుడిచి, కుట్టు మిషను నూనె ఒక చుక్క వేలితో రాయండి. ఆడే ముందు తుడిచేయండి, నూనె ఉన్న ఫేస్ మీద బంతి జారుతుంది. నా 9 ఐరన్ అడుగున రాయి తగిలిన గాటు ఒకటుంది, నాలుగేళ్లుగా ఇలాగే చూసుకుంటున్నాను. గాటు అలాగే ఉంది, చుట్టూ తుప్పు మాత్రం పాకలేదు.