బ్రిటన్‌లో సైకిల్ రేసింగ్ లైసెన్స్: కొత్తగా వెళ్లినవాళ్లు ఎలా తీసుకోవాలి?

చదువుకో ఉద్యోగానికో బ్రిటన్ వెళ్లారు. వారాంతాల్లో గుంపుతో సైకిల్ తొక్కుతున్నారు, రేసు మీద మనసు పడింది. రోడ్డు రేసులకు అక్కడ లైసెన్స్ ఇచ్చేది బ్రిటిష్ సైక్లింగ్ సంస్థ. దానికి బ్రిటిష్ పౌరసత్వం అక్కర్లేదు, డాక్టర్ సర్టిఫికెట్ అక్కర్లేదు. క్లబ్బులో చేరి తీరాలన్న నియమమూ లేదు. జర్మనీలో అయితే క్లబ్బు ద్వారానే దరఖాస్తు వెళ్తుంది. బ్రిటన్‌లో ఆన్‌లైన్‌లో పావుగంట పని. చిక్కులన్నీ దానికి ముందూ తర్వాతా వస్తాయి.

ముందు ఏ దేశపు లైసెన్సో తేల్చుకోండి

అంతర్జాతీయ సమాఖ్య యూసీఐ నియమం ప్రకారం, దరఖాస్తు చేసేనాటికి మీ ప్రధాన నివాసం ఏ దేశంలో ఉంటే ఆ దేశపు సమాఖ్యే లైసెన్స్ ఇవ్వాలి. మీది ఏ పాస్‌పోర్టన్నది దీనికి సంబంధం లేదు. ఇండియాలో ఉండగా ఈ ఏడాదికి సైక్లింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా లైసెన్స్ తీసుకుని ఉంటే మాత్రం, దేశం మారినా డిసెంబరు 31 దాకా అదే మీ లైసెన్స్. ఒకే సమయంలో రెండు ఉండకూడదు. అలాంటివాళ్లకు 11 అంకెల యూసీఐ ఐడీ కూడా ఉంటుంది. అది జీవితాంతం మారదు కాబట్టి కొత్తగా ఇంకొకటి పుట్టించకుండా పాతదే ఇవ్వండి.

మనవాళ్లకు తరచూ ఎదురయ్యే తలనొప్పి పేరు. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, కొందరికి ఇంటిపేరు కూడా అసలు పేరు గడిలోనే కలిసిపోయి ఉంటుంది. బ్యాంకులో ఒకలా, యూనివర్సిటీలో ఒకలా రాసినా, ఇక్కడ మాత్రం పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు రాయండి. పుట్టిన తేదీ కూడా అంతే. వయసు విభాగాన్ని పుట్టిన సంవత్సరాన్ని బట్టే లెక్కిస్తారు: ఆ ఏడాది 17, 18 నిండేవాళ్లు జూనియర్లు, 19 నుంచి 22 వరకు అండర్-23.

ఏది కొనాలి, ఎప్పుడు కొనాలి

బ్రిటిష్ సైక్లింగ్‌లో మెంబర్‌షిప్ వేరు, లైసెన్స్ వేరు. 'రైడ్' మెంబర్‌షిప్ తీసుకుని రేసుకు పేరివ్వబోతే కుదరదు. పేరులో 'రేస్' ఉన్న మెంబర్‌షిప్ తీసుకుని, దాని మీద లైసెన్స్ తీసుకోవాలి. డబ్బు కట్టే ముందు ఆ లైసెన్స్‌తో ర్యాంకింగ్ పాయింట్లు వస్తాయో లేదో చదువుకోండి. రేసర్లను స్థాయిల వారీగా కేటగిరీలుగా విడదీస్తారు, పై కేటగిరీకి వెళ్లేది ఈ పాయింట్లతోనే. రాకపోతే ఏడాదంతా గెలిచినా కింది కేటగిరీలోనే ఉండిపోతారు.

ఇంకో సంగతి, లైసెన్స్ ఎప్పుడు కొన్నా డిసెంబరు 31తో ముగుస్తుంది. సెప్టెంబరులో కోర్సు మొదలయ్యే విద్యార్థి అక్టోబరులో ఏడాది లైసెన్స్ కొంటే వాడుకునేది మూడు నెలలే. రోడ్డు సీజన్ మార్చి నుంచి సెప్టెంబరు వరకు. కాబట్టి ఆ శరదృతువులో కొత్తవాళ్ల కోసం పెట్టే 'గో-రేస్' పోటీల్లో దిగండి, లేదా ఒక్క రోజుకే చెల్లే డే లైసెన్స్‌తో ఒకటి రెండు రేసులు చేసి చూడండి. డే లైసెన్స్‌తో పాయింట్లు రావు, కానీ ఈ ఆట మీకు పడుతుందో లేదో తెలిసిపోతుంది. జనవరిలో పూర్తి లైసెన్స్ తీసుకోవచ్చు.

మెంబర్‌షిప్‌తో వచ్చే బీమా ఎదుటివాళ్లకు మీరు చేసిన నష్టానికి. మీ కార్బన్ ఫ్రేమ్ విరిగితే పైసా రాదు.

స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు ప్రొఫెషనల్ క్రీడాకారుడిగా గానీ కోచ్‌గా గానీ పనిచేయకూడదు. సరదా కోసం అమెచ్యూర్ రేసులకు అడ్డేమీ లేదు. స్పాన్సర్ జీతం, కోచింగ్ ఫీజు లాంటివి ఎవరైనా ఇస్తామంటే మాత్రం ముందు యూనివర్సిటీ వీసా విభాగంలో అడగండి.

మొదటి రేసు

కొత్తవాళ్లందరూ నాలుగో కేటగిరీలో మొదలవుతారు. రేసుకు పేరు బ్రిటిష్ సైక్లింగ్ వెబ్‌సైటులో ఇవ్వాలి. చాలా రేసులకు గడువు కొన్ని రోజుల ముందే ముగుస్తుంది. మొదటిసారి ట్రాఫిక్ లేని సర్క్యూట్‌నే ఎంచుకోండి. లండన్‌లో హిల్లింగ్‌డన్‌ది సుమారు 1.5 కిలోమీటర్లు, లీ వ్యాలీది 1.6 కిలోమీటర్లు. రేసు గంటలోపే అయిపోతుంది. అంత చిన్న చుట్టులో ప్రతి మలుపు దగ్గరా గుంపు నెమ్మదించి మళ్లీ ఉరుకుతుంది. ఒంటరిగా వంద కిలోమీటర్లు తొక్కగలవాళ్లు కూడా పది నిమిషాల్లో వెనకబడేది ఈ కుదుపులకే. ముందు వెళ్లేవాళ్ల చక్రానికి అడుగున్నర దూరంలో ఉండి మలుపు తిరగడం క్లబ్ రైడ్లలో నేర్చుకుని వెళ్లండి.

బండి విషయంలో ఆపేసేది చిన్నవాటికే. హ్యాండిల్ చివర్ల ప్లగ్గులు ఊడిపోయి ఉంటే స్టార్ట్ లైన్ మీద నిలబడనివ్వరు, ఎందుకంటే పడ్డప్పుడు ఆ గొట్టం అంచు ఒంట్లో దిగుతుంది. మోచేతులు ఆనించి ముందుకు వంగడానికి బిగించే ట్రయథ్లాన్ బార్లు తీసేయాలి. రెండు బ్రేకులూ పట్టాలి. హెల్మెట్ లోపల ఈఎన్ 1078 స్టిక్కర్ ఉందో చూడండి. ఇంటి నుంచి తెచ్చుకున్న చవక హెల్మెట్లకు చాలాసార్లు ఏ ప్రమాణమూ ఉండదు.

గంట ముందు చేరి సైన్-ఆన్ చేయండి, అంటే వచ్చినట్టు సంతకం పెట్టండి, లైసెన్స్ చూపించి నంబరు తీసుకోండి. ఏ పక్క పెట్టుకోవాలో అడగండి, జడ్జిలు నిలబడే పక్కను బట్టి అది మారుతుంది. నాలుగు పిన్నీసులు చాలవు, ఎనిమిది వాడండి. జెర్సీ వేసుకుని, బండి మీద వంగి ఉన్న భంగిమలో ఎవరిచేతైనా పెట్టించుకోండి. నిటారుగా నిలబడి పెట్టుకున్న నంబరు తెరచాపలా ఉబ్బి, ముడతల్లో అంకె కనబడదు. కనబడకపోతే మీకు స్థానం ఇవ్వరు.

తర్వాత

ఒక క్యాలెండర్ సంవత్సరంలో 12 పాయింట్లు తెస్తే మూడో కేటగిరీ, అక్కణ్నుంచి 40కి రెండోది, 200కి ఒకటోది. మూడోది ఒకసారి వస్తే మళ్లీ నాలుగుకు దించరు. వెలోడ్రోమ్‌లో, అంటే వాలు గోడల సైకిల్ ట్రాక్ మీద తొక్కాలంటే ఈ లైసెన్స్ ఒక్కటే చాలదు, ట్రాక్ అక్రెడిటేషన్ అనే శిక్షణ విడిగా, దశలవారీగా చేయాలి. ఒక్కొక్కరే విడిగా గడియారంతో పోటీపడే టైమ్ ట్రయల్స్ నడిపేది సైక్లింగ్ టైమ్ ట్రయల్స్ అనే వేరే సంస్థ. దానికి లైసెన్స్ అవసరమే లేదు, వాళ్ల అనుబంధ క్లబ్బులో సభ్యత్వం ఉంటే చాలు.