చెన్నపట్నం మ్యూజియంలను ఒక్క రోజులో చూసి రావడం ఎలా?

పెళ్ళి పట్టుచీరల కోసమో, ఆసుపత్రి పని మీదో చెన్నై వెళ్ళే తెలుగువాళ్ళకు చివర్లో ఒక రోజు ఖాళీగా మిగులుతూ ఉంటుంది. ఎక్కువమంది ఆ రోజును మెరీనాకు అప్పగించేస్తారు. సముద్రం ఎక్కడికీ పోదు, సాయంత్రం చూడవచ్చు. పగటి పూటను ఎగ్మోరు మ్యూజియానికి, సెయింట్ జార్జ్ కోటకు ఇవ్వండి. అసలు ఈ ఊరి పేరులోనే మనవాళ్ళున్నారు. 1639లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డేకి ఈ తీరాన స్థలమిచ్చింది దామర్ల వెంకటాద్రి నాయకుడు. చెన్నపట్నమన్నది ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీద వచ్చింది.

మొదట వారం చూసుకోండి

రెండు మ్యూజియంలకూ శుక్రవారం సెలవు. ఆదివారం తెరిచే ఉంటాయి. ఇది తెలియక నేను మొదటిసారి శుక్రవారమే వెళ్ళాను. గేటు దగ్గర కాపలాదారు నా చేతిలోని సంచీని, ముఖాన్ని మార్చి మార్చి చూసి, "వెళ్ళిక్కిళమై లీవు సార్" అన్నాడు. తప్పు నాదే కనుక చేసేదేమీ లేక టీ తాగి వచ్చేశాను. జాతీయ సెలవు దినాలనూ ఒకసారి సరిచూసుకోండి.

పొద్దున్నే ఎగ్మోరు

సెంట్రల్‌లో రైలు దిగితే మెట్రోలో మరుసటి స్టేషనే ఎగ్మోరు. అక్కడి నుంచి పాంథియన్ రోడ్డుకు ఆటో చాలు. తొమ్మిదిన్నరకు తలుపులు తీసే వేళకే చేరుకోండి. బడిపిల్లల బస్సులు రాకముందు గదులు ప్రశాంతంగా ఉంటాయి.

1851లో మొదలైన మ్యూజియం ఇది. పదహారెకరాల పైచిలుకు ప్రాంగణంలో ఎన్నో భవనాలు, వాటిలో పదుల కొద్దీ గదులు. అన్నీ చూసేయాలని బయలుదేరితే మధ్యాహ్నానికి కాళ్ళు పీకుతాయి, మనసులో మాత్రం ఏమీ మిగలదు. మూడు చోట్లు ఎంచుకోండి. పిల్లలుంటే తిమింగలం అస్థిపంజరాన్ని నాలుగోదిగా కలపండి, లేకపోతే వాళ్ళు మిమ్మల్ని ఊరుకోనివ్వరు.

అమరావతి రాళ్ళ దగ్గర ఆగండి

నా మటుకు నేను, మిగతావన్నీ వదిలేసినా ఈ ఒక్క గదికి గంట కేటాయిస్తాను. 1797లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్టణం కట్టిస్తుండగా దీపాలదిన్నె అనే మట్టిదిబ్బలో బౌద్ధ స్తూపానికి చెందిన చెక్కిన రాళ్ళు బయటపడ్డాయని విని కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ చూడబోయాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి చాలా పలకలను మద్రాసుకు పంపాడు. వాటిలో కొన్ని తరువాత లండన్ చేరాయి. కృష్ణ ఒడ్డు నుంచి ఇక్కడికి వచ్చి నిలిచిపోయినవే మీరు చూసేవి.

పలకలను వరసగా చూసుకుంటూ నడవకండి. నలగిరి ఏనుగు కథ ఉన్న గుండ్రటి పలకను వెతికి దాని ముందు నిలబడండి. ఎడమవైపు మదమెక్కిన ఏనుగు వీధిలో పడి మనుషులను చిందరవందర చేస్తోంది. ఒక స్త్రీ భయంతో పక్కవాణ్ణి పట్టుకుంది. మేడల మీద నుంచి జనం తొంగి చూస్తున్నారు. ఇప్పుడు చూపు కుడివైపుకు జరపండి. అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంటుంది. రెండు ఏనుగులనుకుని వెళ్ళిపోయేవాళ్ళను చూశాను. శిల్పి ఒకే వృత్తంలో ముందు జరిగినదాన్నీ, తరువాత జరిగినదాన్నీ చెక్కాడు. ఈ కిటుకు ఒక్కసారి పట్టుబడితే పక్క పలకలూ కథలు చెప్పడం మొదలుపెడతాయి. కొన్నింటిలో బుద్ధుడు మనిషి రూపంలో కనిపించడు. ఖాళీ సింహాసనమో, పాదముద్రలో, బోధివృక్షమో ఉంటే అక్కడ ఆయన ఉన్నట్టు.

కంచు విగ్రహాలు

గుడిలో ఉత్సవమూర్తిని పట్టుబట్టలు, పూలదండలు కప్పేస్తాయి. మనకు కనిపించేది ముఖం, చేతులు మాత్రమే. ఇక్కడ నడుము వంపు, వేళ్ళ కొసలు, భుజం మీది యజ్ఞోపవీతం అన్నీ చూడవచ్చు. తిరుత్తణి దారిలోని తిరువాలంగాడు నుంచి వచ్చిన నటరాజు చోళుల కాలపు పనితనం. వీలైన చోటల్లా విగ్రహం వెనక్కి కూడా వెళ్ళి చూడండి. చాలామంది ఆ పని చేయరు.

చరిత్రకు ముందటి కాలం మీద ఆసక్తి ఉంటే రాతి పనిముట్లనూ పలకరించండి. 1863లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ మద్రాసు దగ్గరి పల్లావరంలో పాతరాతియుగపు గొడ్డలిని గుర్తించాడు. తరువాత ఆయన సేకరణను 1904లో ఈ మ్యూజియం కొనుక్కుంది.

మధ్యాహ్నం కోట

భోజనం చేసి కోటకు బయలుదేరండి. సచివాలయం, సైనిక కార్యాలయాలు ఉన్న చోటు కనుక తనిఖీ ఉంటుంది. గుర్తింపు కార్డు తప్పనిసరిగా దగ్గర ఉంచుకోండి, పెద్ద సంచీలు మానండి. కోట మ్యూజియంలో ఆయుధాలు, నాణేలు, పింగాణీ చకచకా చూసేయవచ్చు. కాస్త నిలబడాల్సినవి రెండు. ఒకటి కంపెనీ గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ విగ్రహం. దాని పీఠం మీద 1792లో టిప్పు సుల్తాన్ తన కొడుకులను బందీలుగా అప్పగించిన ఘట్టం చెక్కారు. గెలిచినవాడు చెప్పుకున్న కథ అది, ఆ సంగతి గుర్తుంచుకుని చూడండి. రెండోది 1947 ఆగస్టు 15న ఈ కోట మీద ఎగిరిన పట్టు జెండా. పట్టు పాడవకుండా వెలుతురు తక్కువగా ఉంచారు, కళ్ళు అలవాటుపడే దాకా ఆగండి.

బయటికి వచ్చాక కోటలోనే ఉన్న సెయింట్ మేరీస్ చర్చికి నడవండి. 1680లో పూర్తయింది. రాబర్ట్ క్లైవ్ పెళ్ళి 1753లో ఇక్కడే జరిగింది. చర్చి చుట్టూ నేలలో పరిచినవి సమాధి రాళ్ళు. వాటి మీద అక్షరాలు చదవాలంటే ఎండ వాలే సమయం మంచిది, ఏటవాలు వెలుతురులో అరిగిన గీతలు కూడా తేలుతాయి. అక్కడి నుంచి దక్షిణంగా ఆటో మాట్లాడుకుంటే మెరీనా దగ్గరే.