క్వారీ ఫేస్ లేజర్ స్కాన్: ట్రైపాడ్ ఎక్కడ పెట్టాలన్నదే అసలు పని

బెంగళూరు చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల్లో కొత్తగా చేరిన మన మైనింగ్, జియాలజీ పిల్లలు లేజర్‌తో బండని పాయింట్లుగా కొలిచే స్కానర్ చేతికి రాగానే ఫేస్‌కి (తవ్వగా మిగిలిన బండ గోడకి) ఎదురుగా ట్రైపాడ్ పెట్టి ఒక్క స్కాన్ తీసి సర్దేస్తారు, అక్కడే దెబ్బతింటాం. లేజర్‌కి ఎదురుగా ఉన్నదే కనపడుతుంది, మీ చూపు వెళ్ళే దిక్కులోనే బండలోకి దూరిపోయిన జాయింట్ (బండలో సహజంగా ఉన్న పగులు) ఉత్త గీతలా పడుతుంది, ఒక్కోసారి అసలు పడదు. అందుకే ఎడమ, మధ్య, కుడి, కనీసం మూడు చోట్ల నుంచి తీయండి. ఫేస్ కిందకి మాత్రం వెళ్ళొద్దు, దూరం నుంచి కొలవడానికే కదా ఈ మెషిన్ ఉన్నది.

తర్వాత ఉత్తరం, అంటే స్కాన్‌ని అసలు దిక్కులకి సరిపెట్టడం. టార్గెట్లు (స్కాన్‌లో కనపడే గుర్తులు) పెట్టి, అవి ఉన్న చోట్లని డీజీపీఎస్‌తో (మామూలు దానికన్నా ఖచ్చితమైన జీపీఎస్) కొలవండి. ఉత్తరం 10 డిగ్రీలు తప్పితే అన్ని జాయింట్ల డిప్ డైరెక్షనూ (వాలే దిక్కు) 10 డిగ్రీలు తప్పుతుంది, డిప్ (వాలు కోణం) మాత్రం సరిగ్గానే వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, ఇదే నాకు భయం. చేతికందే నాలుగైదు ప్లేన్ల (జాయింట్ల చదును ముఖాల) మీద, పైనుంచి రాళ్ళు పడని చోట, బ్రంటన్ (దిక్కూ వాలూ కొలిచే జియాలజిస్టుల దిక్సూచి) పెట్టి సరిచూసుకోండి, పక్కన ఎక్స్‌కవేటర్ ఉంటే సూది తిరిగిపోతుంది, దూరంగా తీయించండి. బ్రంటన్ అలవాటు లేకపోతే ఆదివారం పొద్దున్నే లాల్‌బాగ్ బండ ఎక్కండి, సుమారు 300 కోట్ల ఏళ్ళ నైస్ అనే చారల రాయి అది, దాని చారల మీద చెయ్యి తిరుగుతుంది.

ఆఫీసుకొచ్చాక క్లౌడ్‌కంపేర్ సాఫ్ట్‌వేర్ చాలు, ఫ్రీనే. ముందు చెట్లు, కింద పడ్డ మక్ (రాళ్ళ కుప్ప) తీసేసి, ఫేసెట్స్ ప్లగిన్‌తో ప్లేన్లు తీసి స్టీరియోనెట్ (ప్లేన్ల దిక్కూ వాలూ చూపే గుండ్రటి పటం) మీద గుంపులు చూడండి. గుంత వైపు వాలి, ఫేస్ కన్నా తక్కువ వాలుతో, ఫ్రిక్షన్ యాంగిల్ (రాయి మీద రాయి జారడం మొదలయ్యే వాలు) కన్నా ఎక్కువ వాలుతో ఉన్న జాయింట్ కనపడితే పలక జారే చోటు అదే. రెండు జాయింట్లు కలిసే గీత అలా వాలినా వెడ్జ్ (ఆ రెంటి మధ్య చీలిక ఆకారపు బండ) జారొచ్చు. బ్లాస్టింగ్ పగుళ్ళని వీటిలో కలపొద్దు.

ఒకసారి స్కాన్‌లో సన్నగా ఖాళీ చార వస్తే డేటా పోయిందనుకున్నా. కుప్పం వైపు నుంచి వచ్చిన డ్రిల్లర్ ఒకాయన వేలు చూపించి "సార్, ఈడ ఎండాకాలంలో కూడా తడి ఆరదు" అన్నాడు. తడి బండ లేజర్‌ని మింగేస్తుంది, తిరిగొచ్చే పాయింట్లు తగ్గిపోతాయి, అది నీళ్ళు కారే జాయింట్. వానొస్తే లోపల నీటి ఒత్తిడి పెరిగేది కూడా అక్కడే. అప్పట్నుంచి ఫేస్ ఫోటో ప్రింట్ తీసుకెళ్ళి, స్కాన్‌కి ముందే డ్రిల్లర్లని అడిగి తడి చోట్లన్నీ పెన్నుతో గుర్తు పెట్టుకుంటున్నా.